నేల దించని కుండ

సముద్రం ఎట్లుంటదని మా గల్లీల అందరు అడిగిండ్రు. వచ్చిన కాన్నించి ఇదే లొల్లి. అంగీలు కుట్టించుకుందామని వచ్చినోళ్ళు కొలతలు ఇచ్చుడు మరిచి సముద్రం ముచ్చట తీస్తుండ్రు. ఎంతమందికని చెప్పాలె? నోరు నొస్తుంది. అందుకే రాసి పెడుతున్న. చదువొచ్చినోళ్ళు చదువుకోండ్రి, రానోళ్ళు చదివించుకోండ్రి. నన్ను జర మిషన్ తొక్కనియ్యుండ్రి.

నేను దేవదానం. మెదక్ల పెద్ద చర్చికి పోయే తొవ్వల దర్జీ దుకాణం నాది. పక్కపొంటి ఖాదర్ భాయ్ సైకిల్ షాపు. మా ఇద్దరి ఎనుక బెస్త పోశయ్య ఇల్లు. పోశయ్య చెరువుల చేపలు పట్టి బతుకుతడు. మా కంటె పెద్దోడు, పోశన్న అంటం. చలికాలం వస్తె ఐతారం పూట నేను చర్చి నుంచి వచ్చినంక ముగ్గురం గాలాలు పట్టుకొని చెరువు కట్ట మీద కూసుంటం. ఖాదర్‌కు ఎర గుచ్చరాదు, నాకు ఓపిక లేదు. చేపలన్ని పోశన్నకే పడుతయి, మాకు పంచి పెడుతడు. గంతే మా చేపలవేట. గసుంటోళ్ళం సముద్రం మీదికి పోయినమంటె ఎవరైనా నవ్వుతరు. నవ్వే పని కాదు గది.

పోశన్నకు ఒక్కడే కొడుకు, నర్సింలు. చెరువుల పుట్టినట్టే ఈదేటోడు. పెండ్లయినంక సాగర్ డ్యాం పనికి పోయిండు. ఆడ బందరు దిక్కు పిలగాడు కోటేసు దోస్తయిండు. వాండ్లది సముద్రం మీద చేపలు పట్టే ఇల్లు. పని తగ్గినంక "నాలుగు నెలలు నా ఎంబడి రా, సముద్రం చూద్దువు" అని కోటేసు తీసుకపోయిండు. రెండేండ్ల కింద తుపాన్ల పడవ తిరగబడ్డది. కోటేసు ఒడ్డుకు పడ్డడు. నర్సింలు పడలే. కోటేసు మెదక్ దాక వచ్చి పోశన్న కాళ్ళ మీద పడి చెప్పిండు.

పోశన్న నమ్మలే. "చెరువుల పోయినోడు మూడోదినం తేలుతడు. నా కొడుకు తేలలే గద, ఉన్నట్టే" అన్నడు. ఆయన పెండ్లాం లచ్చవ్వయితె ఏడువనే లేదు. రోజు కొడుక్కు కూడ బువ్వ వండుతది.

నడుమ నలిగింది కోడలు సత్తెమ్మ. ఇరవై కూడ నిండని పిల్ల. ఎల్దుర్తిల దాని అన్నలు ఒక సంబంధం చూసిండ్రు. పెండ్లాం సచ్చినోడు, మంచోడు, ఇంత భూమి ఉన్నోడు. వాండ్లల్ల మారుమనువు తప్పు కాదు. కని కులపెద్ద ఒక్క తీరుగ చెప్పిండు: "శవం లేనిది దినం లేదు. దినం లేనిది గాజులు తీసుడు లేదు. గాజులు తీయనిది మనువు లేదు." రెండేండ్లు ఆ పిల్ల అటు పెండ్లాం కాదు, ఇటు ముండమోపి కాదు. ఎల్దుర్తోడు ఇగ సంక్రాంతి దాటినంక ఆగనన్నడు. ఎవడు మాత్రం ఎంత కాలం ఆగుతడు?

గప్పుడు కులపెద్దనే పాత పద్ధతి ఒకటి తీసిండు. నీళ్ళల్ల పోయి దొరకనోని కోసం తండ్రి పోవాలె. మునిగిన జాగల కొత్త కుండతోని నీళ్ళు ముంచి, పేరు పెట్టి పిలువాలె. ఆ నీళ్ళే శవం. కుండ ఇంటికి వచ్చేదాక నేల తగలొద్దు. చేతులు మారొచ్చు, ఏ కులపోని చేతులైనా సరే, నేల తగలొద్దు. తగిలితె పోయినోడు ఆడనే ఉండిపోతడు. ఇంటికాడ తల్లి ఆ కుండను అందుకోవాలె. అందుకుంటెనే చావు చావు.

కుమ్మరి కుండ

పోశన్న నా దుకాణంల వచ్చి కూసున్నడు. క్రిస్మస్ కుట్లు అప్పుడే అయిపోయినయి, నేను ఈపు నొప్పికి నూనె రాపిచ్చుకుంటున్న.

"తమ్మీ, ఒక్కడి చేతులు సరిపోవు. పాలోళ్ళు సముద్రమంటె భయపడుతుండ్రు. నువ్వు, ఖాదర్ రాండ్రి" అన్నడు.

"నమ్మనంటివి కదనె పోశన్నా?"

"ఇప్పుడు కూడ నమ్మలే. ఆ పిల్ల మొకం చూడలేక పోతున్న."

ఖాదర్ షాపుకు తాళం పెట్టిండు. నేను మిషన్‌కు గుడ్డ కప్పిన. కుమ్మరోని కాడ చిన్న కుండ తెచ్చినం. చలికాలం, మంచు పడుతుంది, కుండలు కాల్చే ఆము సరిగ కాలలే అని కుమ్మరోడు ముందే అన్నడు. మేం ఇనిపిచ్చుకోలే. నీళ్ళకే కద, ఏమైతది అనుకున్నం. పోశన్న కుండ ఒక చేతిల, తన ఇసురువల భుజం మీద పెట్టుకున్నడు. వల ఎందుకయ్యా అంటె, "వల లేకుంట నీళ్ళ కాడికి పోతె బెస్తోన్ని ఎట్లయిత?" అన్నడు.

సత్తెమ్మ గడప కాడికి వచ్చింది. "మామా, నా కోసం పోవద్దు" అన్నది.

"నీ కోసమే పోతున్న బిడ్డా."

లోపలి నుంచి లచ్చవ్వ గొంతు ఇనొచ్చింది. "తెస్తె తే. నేను మాత్రం అందుకోను. నా కొడుకు కాళ్ళతోని నడిచి వస్తడు. కుండల రాడు." పొయ్యి కాన్నుంచి లేవను కూడ లేవలే ఆమె.

బెజవాడల

బెజవాడ స్టేషన్ల దిగినంక చలి లేదు. మెదక్ల దంతాలు కొట్టుకుంటుంటె, ఈడ జనం పల్చటి పంచెలతోని తిరుగుతుండ్రు. నా ఉన్ని కోటు చూసి ఒక కూలీ పిలగాడు, "జ్వరమా అండీ?" అని అడిగిండు. ఖాదర్‌కు నవ్వు ఆగలే. పాపం, ఇల్లు దాటినంక పోశన్న కూడ మొదటిసారి గప్పుడే నవ్విండు.

చాయ పదిహేను పైసలు. పాల కంటె నీళ్ళే ఎక్కువ. ఖాదర్ దుకాణపోనితోని "గిది చాయనా, చాయ కడిగిన నీళ్ళా?" అని కొట్లాటకు దిగిండు. దుకాణపోనికి మా మాట సగమే తెలిసింది. "నైజాం వాళ్ళా?" అని అడిగి, ఏమనుకున్నడో ఏమో, ఇంకో గిలాస ఊకెనే పోసిండు. మనిషి మంచోడే. చాయ మాత్రం మంచిది కాదు.

ఈ దిక్కు అన్నంల పచ్చళ్ళ కారం మన కారం కంటె ఎక్కువ. జొన్న రొట్టె అడిగితె ఎవనికి ఎరుక లేదు. మూడు పూటలు అన్నమే తింటరట. పోశన్న తన మూటల రొట్టెలే తిన్నడు. లచ్చవ్వ కట్టిచ్చిన రొట్టెల మూట విప్పితె నలుగురికి సరిపడ ఉన్నయి. మేం పోయింది ముగ్గురం. నాలుగోది ఎవరికో మేం అడుగలే.

పాలెం

బందరు దాటి సముద్రపొడ్డున తాటాకు ఇండ్ల పాలెం. తొవ్వ పొడుగూత ఎండుచేపల వాసన. ఖాదర్ రుమాలు ముక్కుకు కట్టుకున్నడు. "నీకేం భాయ్, చేపకు హలాల్ పరేషాన్ లేదు, నీ అత్తగారింటికి వచ్చినట్టే" అన్న నేను. ఆడోళ్ళు చీర కుచ్చెళ్ళు ఎగగట్టి ఇసుక మీద చేపలు ఆరేస్తుండ్రు. మొగోళ్ళ ఒంటి మీద అంగీలే లెవ్వు. దర్జీ బతికే ఊరు కాదు గది.

కోటేసు ఉరికి వచ్చిండు. మనిషి సగమయిండు. పోశన్నను చూసి "బాబాయ్" అని మూట అందుకున్నడు. వాని అమ్మ నాంచారమ్మ నీళ్ళ చెంబు తెచ్చి, పోశన్న మొకం దిక్కు చూడకుంట, తల పక్కకు తిప్పి ఇచ్చింది. తన కొడుకు బతికొచ్చి ఈయన కొడుకు రాకపాయె, ఎట్ల చూస్తది?

కోటేసు నాయన సుబ్బయ్య పడవకు పెద్ద. పెద్దను ఆడ తండేలు అంటరు. నల్లటి పొడుగు మనిషి, మాట తక్కువ. మేం వచ్చిన పని చెప్పినం. ఇని అన్నడు:

"చావు పని మీద మా పడవ సముద్రం ఎక్కదండీ. మా పద్ధతి అది. చేపల పని మీదే వెళతాం. మీరూ వేటకని రండి. చేప పడ్డాక, అప్పుడు మీ పని చేసుకోండి. చేప లేకుండా ఆ పని చేస్తే సముద్రం ఇంకోణ్ణి అడుగుద్ది."

"సరె అన్నా, చేపలే పడుదాం" అన్నడు పోశన్న.

ఆ పూట నాంచారమ్మ చందువ చేప పులుసు పెట్టింది. అబ్బ, ఏమన్న పులుసా గది! మన చెరువు రవ్వ చేపకు బురద వాసన ఉంటది, ఎంత కడిగినా పోదు. దీనికి ఏ వాసన లేదు. చింతపులుసు మనకంటె చిక్కగ పోస్తరు. నేను, ఖాదర్ సిగ్గు లేకుంట మూడు సార్లు పెట్టిచ్చుకున్నం. పోశన్న ముద్ద కలిపి, కలిపి, పక్కకు జరిపిండు. "గీ నీళ్ళల్ల చేపనే కద" అన్నడు మెల్లగ. గప్పుడు నేను కూడ చెయ్యి కడుక్కున్న.

నీళ్ళ మీద

తెల్లారంగ పడవ నెట్టిండ్రు. ఒడ్డు కాడ అలల మీద పడవ ఎగిరి పడుతుంటె అంచును రెండు చేతులతోని పట్టుకున్న. దేవుడా అన్న, యేసయ్యా అన్న, ఆఖరుకు అమ్మా అన్న. ఖాదర్ కండ్లు మూసుకొని ఏదో చదువుకుంటుండు. పోశన్న ఒక్కడే నడిమిట్ల నిమ్మలంగ కూసున్నడు, ఒడిల కుండ, పక్కన వల.

కొంచెం దూరం పోయినంక అలలు తగ్గినయి. సముద్రం ఎట్లుంటదని అడుగుతిరి కద, చెప్త. మెదక్ చెరువుకు ఆవలి గట్టు ఉంటది. ఆ గట్టు మీద ఎవడో బర్లను తోలుతుంటడు, ఒక చెట్టు ఉంటది. సముద్రానికి ఆవలి గట్టు లేదు. గంతకంటె చెప్పరాదు నాకు. ఏ దిక్కు చూసినా నీళ్ళే, చూడంగ చూడంగ కండ్లు గుంజుతయి.

సుబ్బయ్య మనుషులు పెద్ద వల ఏసిండ్రు. మాకు తలొక గాలపు తాడు ఇచ్చిండ్రు. చేప పడాలె, అది ఒప్పందం. నేను వాంతులు చేసుకుంటనే తాడు పట్టుకున్న. ఇంతల తాడు గుంజింది చూడుండ్రి, చెయ్యి ఊడుతదేమో అనుకున్న! ఖాదర్ నా నడుము పట్టిండు, ఇద్దరం గుంజినం. మూర పొడుగు వంజరం చేప పడవల పడి తన్నుకుంది. "అల్లా! దేవదానం పట్టిండ్రా!" అని ఖాదర్ లేచి ఎగిరిండు, పడవ ఊగింది, సుబ్బయ్య తిట్టిండు. నేను పండ్లన్ని బయట పెట్టి నవ్విన. జిందగీల గసుంటి చేప పట్టలే నేను.

ఎనుకకు తిరిగితె పోశన్న మమ్ములను చూస్తుండు. నవ్వుతుండు కూడ. ఒడిల కుండను రెండు చేతులతోని పట్టుకొని, "మంచిగ పట్టినవ్ తమ్మీ" అన్నడు. ఆ చేప తన్నుకునుడు ఆగేదాక నేను తల ఎత్తలే.

అడుగు

చేప పడ్డది. సుబ్బయ్య తెరచాప దింపిచ్చిండు. "ఇక మీ పని" అన్నడు.

పోశన్న కోటేసును అడిగిండు. "గిదేనా జాగ?"

కోటేసు చుట్టు చూసిండు. "తెలీదు బాబాయ్. ఆ రోజు ఒడ్డు కనపళ్ళేదు, చెట్టు కనపళ్ళేదు. ఎటు కొట్టుకుపోయామో దేవుడికే తెలియాలి. నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. అల వచ్చి లాక్కుపోయింది. ఇక్కడో, ఇంకా ఆవలో."

"జాగ చెప్పాలె బిడ్డా. మా చెరువుల ప్రతి జాగకు పేరుంటది. రాతిబండ కాడ, తూము కాడ, ఈతచెట్టు కాడ. యాడ మునిగిండో అక్కడనే ముంచాలె. వేరే జాగల ముంచి పిలిస్తె వానికి ఎట్ల ఇనిపిస్తది?"

కోటేసు తల మోకాళ్ళల్ల పెట్టుకున్నడు. పోశన్న కుండను నా చేతుల పెట్టి లేచిండు. వల అందుకున్నడు.

చెరువుల ఎవరన్న మునిగితె మా దిక్కు బెస్తోళ్ళు ఇసురువల ఏసి దేవులాడుతరు. వల అంచుకు సీసం గుండ్లు ఉంటయి. ఇసిరితె అవి పోయి అడుగు తాకుతయి, తాకిన సంగతి తాడు పట్టిన చేతికి ఎరుకైతది. బురదనా, రాయా, మనిషా అని చెయ్యే చెప్తది. పోశన్న చేతికి అది నలభై ఏండ్ల అలవాటు. ఊగే పడవ మీద కాళ్ళు ఎడం చేసి నిలబడి, వల మడిచి, మా చెరువుల ఇసిరినట్టే ఇసిరిండు. వల గుండ్రంగ ఇచ్చుకొని పడ్డది. పడవోళ్ళల్ల ఒకడు నవ్వబోయిండు. సుబ్బయ్య కండ్లతోనే వాన్ని ఆపిండు.

తాడు పోతుంది. పోశన్న వదులుతుండు. ఇంకా పోతుంది. తాడు కొస ఆయన మణికట్టుకు కట్టి ఉంటది, ఆ కొస దాక పోయి చెయ్యి గుంజింది. పోశన్న ముందుకు వంగిండు. అట్లనే నిలబడ్డడు, చేతి దిక్కు చూసుకుంట.

"అడుగు తాకలే దేవదానం" అన్నడు.

నేను కుండను ఎదకు ఆనించి పట్టుకున్న.

"చెరువుకు అడుగు ఉంటది. అడుగుల మనిషి ఉంటడు, మూడోదినం తేలుతడు. దీనికి అడుగే లేదు. నా కొడుకు యాడ ఆగుతడు? యాడి నుంచి తేలుతడు?"

గప్పుడు కూలవడ్డడు ఆ మనిషి. రెండేండ్ల నుంచి నమ్మనిది, తాడు కొసకు వచ్చినంక నమ్మిండు. పడవల పడి పసిపిల్లగాని లెక్క ఏడ్చిండు. ఖాదర్ ఆయన ఈపు నిమురుకుంట తను కూడ ఏడ్చిండు. నేను కుండ పట్టుకొని ఏడ్చిన, కండ్లు తుడుచుకుందామంటె చెయ్యి తీయరాదు.

జరసేపటికి పోశన్న లేచి మొకం కడుక్కున్నడు. నా చేతులనుంచి కుండ తీసుకొని పడవ అంచు మీది నుంచి ఒంగి ముంచిండు. పడవోళ్ళందరు తలగుడ్డలు తీసిండ్రు.

"నర్సింలూ! రా బిడ్డా. ఇంటికి పోదాం. నీ అవ్వ ఎదురుచూస్తుంది, రా."

గాలికి ఆ పిలుపు ఎంత దూరం పోయిందో ఏమో.

నాంచారమ్మ ఒడి

ఒడ్డుకు వచ్చినంక పోశన్న కుండ నెత్తి మీద ఎత్తి పట్టి అలలల్ల నుంచి నడిచి వచ్చిండు. పొద్దున్నుంచి ఏం తినలే. నాకు ఇయ్యంటె ఇయ్యడు, ఖాదర్‌కు ఇయ్యంటె ఇయ్యడు.

నాంచారమ్మ ఎదురుగ వచ్చి ఇసుక మీద కూసున్నది. కొంగు ఒడిల పరుచుకున్నది. ఈసారి పోశన్న మొకం దిక్కు సీదా చూసింది.

"ఇటివ్వండి అన్నయ్యా. మీరు తినేదాకా నా ఒళ్ళో ఉంటాడు. నాలుగు నెలలు నా చేత్తో అన్నం తిన్నాడు, నాకు కొత్త కాదు."

పోశన్న ఇచ్చిండు. ఆమె రెండు చేతులు కుండ చుట్టు ఏసి, మేం తినేదాక కదలకుంట కూసున్నది. కోటేసు దూరంగ నిలబడి చూస్తుండు. పోయేటప్పుడు పోశన్న వాన్ని పిలిచి నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "నువ్వు బతికినందుకు నాకు కోపం లేదు. పెండ్లి చేసుకో, మంచిగ ఉండు" అన్నడు. వలను మాత్రం తిరిగి తీసుకపోలే, సుబ్బయ్య ఇంటి చూర్ల వదిలి వచ్చిండు.

రైలుల

ఇగ ముగ్గురం పంచుకున్నం. ఒకరు పట్టుకుంటె ఇద్దరు కూసునుడు. ఒంటికి పోవాలన్నా, చాయ తాగాలన్నా ముందు కుండ చేతులు మారాలె. చంటిపిల్ల ఎంబడి ఉన్న ఇంటి తీరు అయింది మాది.

బందరు రైలుల నా వంతు వచ్చినప్పుడు చూసిన, అంగీ ముందుభాగం తడి. చెమట అనుకున్న. ఆరినంక తెల్లగ పొక్కులు పొక్కులుగ ఉప్పు. కుండను ఎత్తి చూస్తె అడుగున బొట్లు బొట్లుగ ఊరుతుంది. కాలని కుండ! ఆ కుమ్మరోన్ని నేను తిట్టిన తిట్లు రైలు ఇంజన్ కూడ ఇని ఉంటది. వాడు ముందే చెప్పిండన్న సంగతి ఖాదర్ యాదికి తెస్తె వాన్ని కూడ తిట్టిన.

పోశన్న పరేషాన్ అయిండు. తన తలగుడ్డ ఇప్పి కుండకు గట్టిగ చుట్టిండు. గుడ్డ నీళ్ళు ఆపుతదా? ఇంకింత తాగింది. బెజవాడల బండి మారెవరకు గుడ్డ మొత్తం నానింది, కుండల నీళ్ళు మెడ నుంచి నడుముకు దిగినయి.

ఖాదర్ నన్ను పక్కకు పిలిచి, "స్టేషన్ల నల్లా ఉంది. జర నింపుదాం. ఎవనికి ఎరుక?" అన్నడు. పోశన్న ఇన్నడు. కోపం చేయలే.

"నింపితె నీళ్ళు ఎక్కువైతయి భాయ్. కొడుకు ఎక్కువైతడా?"

ఖాదర్ తల దించుకున్నడు.

పెద్ద బండిల మా ఎదురుగ గుంటూరు దిక్కు మిరపకాయల షావుకారి కూసున్నడు. తెల్లటి పంచె. పోశన్న ఒడి నుంచి కారిన బొట్లు ఆయన చెప్పుల మీద పడుతున్నయి. "ఏమయ్యా, ఆ కుండ సీటు కింద పెట్టకూడదూ?" అని గదమాయించిండు. నేను లేవబోయిన, నా సంగతి మీకు ఎరుకనే కద. పోశన్న నా చెయ్యి పట్టి ఆపి, "కింద పెట్టరాదు దొరా. నా కొడుకు" అన్నడు. సంగతంత చెప్పిండు.

షావుకారి పై కండువ తీసి ఒడిల మడత పెట్టుకొని చేతులు చాపిండు. "కాసేపు నాకివ్వండి. మీరు నడుం వాల్చండి" అన్నడు. పంచె తడిసినా ఏమనలే. దిగేటప్పుడు కుండను నా చేతుల పెట్టి, దండం పెట్టి పోయిండు. పేరు అడుగుడు మరిచినం.

ఆయన పోయినంక పోశన్న నాతోని అన్నడు. "దేవదానం, మాల చచ్చినా దొర చచ్చినా మా దిక్కు కాటికాడ కారుడు కుండ తిప్పుతరు. చూసినవా?"

చూసిన. చితి చుట్టు కుండ భుజాన పెట్టుకొని తిరుగుతరు. కుండకు బొక్క పొడుస్తరు, నీళ్ళు కారుతనే ఉంటయి.

"నేను పోతె నర్సింలు తిప్పాలె ఆ కుండ. ఉల్టా అయింది. నేను వానికి తిప్పుతున్న, బందరు కాన్నుంచి మెదక్ దాక. బొక్క కూడ ఎవ్వరు పొడవలే, దానంతట అదే కారుతుంది."

నేను క్రిస్తవోన్ని, మాకు పెట్టె, ప్రార్థన, పాట ఉంటయి. ఆ మాటకు నా కాడ ఏ పాట లేదు. కుండ నా ఒడిలకు తీసుకున్న, ఆయన గోడకు తల ఆనించి కండ్లు మూసుకున్నడు.

మా గల్లీ

మెదక్ల బస్సు దిగెవరకు పొద్దు వాలింది. చర్చి గోపురం మీద ఎండ ఉంది. కుండల నీళ్ళు అడుగుకు చేరినయి. పైన మొత్తం ఉప్పు పట్టి సున్నం ఏసినట్టు తెల్లగయింది. మా ముగ్గురి అంగీలు గూడ గట్లనే.

గల్లీల మంది జమైండ్రు. కులపెద్ద వచ్చిండు. ఎల్దుర్తి నుంచి సత్తెమ్మ అన్నలు వచ్చి ఉన్నరు. సత్తెమ్మ గోడకు ఆనుకొని నిలబడ్డది. పోశన్న కుండ పట్టుకొని తన గడప ముంగట నిలబడ్డడు. లచ్చవ్వ లోపల ఉంది.

"లచ్చవ్వా, రా. అందుకో" అన్నడు కులపెద్ద.

రాలే. ఇంకోసారి పిలిచిండు. రాలే. నేను ఒక దిక్కు, ఖాదర్ ఒక దిక్కు పోశన్న రెట్టలు పట్టినం. కులపెద్ద తల అడ్డం తిప్పిండు. తల్లి అందుకోకుంటె చావు కాదు అని నలుగురు గుసగుస పెట్టిండ్రు. సత్తెమ్మ అన్నలు మొకాలు చూసుకున్నరు.

"లచ్చీ" అన్నడు పోశన్న. "నేను వల ఏసిన. అడుగు తాకలే."

ఆ ఒక్క మాటే అన్నడు. ఆమె బెస్తింటి ఆడిది. గా మాట ఏందో ఆమెకు ఎవరు చెప్పనక్కర లేదు.

లోపల గిన్నె కింద పెట్టిన సప్పుడు అయింది. లచ్చవ్వ బయటికి వచ్చింది. మొగని దిక్కు చూడలే, మంది దిక్కు చూడలే. కుండ అందుకున్నది. లోపలికి తొంగి చూసింది.

"గింతనేనా?" అన్నది. "గింతోడు అయినవా బిడ్డా? నిన్ను కన్న నాడు కూడ గింతకంటె పెద్దగుంటివి గద."

గల్లీ మొత్తం ఏడ్చింది. ఆమె ఏడువలే. గడప మీద కూసున్నది. కుండను ఒడిల పెట్టుకొని, "సత్తెమ్మా, ఇటు రా" అని పిలిచింది. ఆ పిల్ల వచ్చి ముందట కూసుంది.

వాండ్లల్ల గాజులు రాతి మీద కొట్టి పలగగొడుతరు. ఒక ముసలామె అప్పటికే రాయి తెచ్చి పెట్టింది. లచ్చవ్వ ఆ రాయిని కాలితోని పక్కకు జరిపింది. కుండల చెయ్యి పెట్టి, ఆ కొన్ని నీళ్ళు తీసి సత్తెమ్మ మణికట్టుకు రాసింది. అరచెయ్యిని మెత్తగ ఒత్తి పట్టి ఒక గాజు తీసింది. పలగలే. ఇంకొకటి తీసింది.

"ఏయ్ లచ్చవ్వా, ఏం చేస్తున్నవ్? ఆ నీళ్ళు కాటికి పోవాలె" అని కులపెద్ద ఒర్లిండు.

"నా కొడుకు నీళ్ళు. నా కోడలు చెయ్యి. నడుమ నువ్వెవనివి?" అన్నది లచ్చవ్వ.

కులపెద్ద ఎనుకకు జరిగిండు. ఆమె ఒక్కొక్క గాజే తీసింది, నీళ్ళు రాసుకుంట, పిల్లకు నొప్పి లేకుంట. ఒక చెయ్యి అయినంక ఇంకో చెయ్యి. అన్ని తీసినంక లచ్చవ్వ ఆ పిల్ల రెండు చేతులు తిప్పి తిప్పి చూసింది, యాడన్న గీసుకుందేమో అని. యాడ గీసుకోలే.

"పోతవ్ గద" అన్నది. "పో బిడ్డా. నెత్తురు లేని చేతులతోని పో."

సత్తెమ్మ అత్త ఒడిల తల పెట్టింది. అప్పుడు ఏడ్చింది లచ్చవ్వ. కుండల ఇగ నీళ్ళు లెవ్వు.